కొలంబో పెట్టెలో కొసరు

"ఇవాల్యుయేషన్ వస్తా ఉండాదంటయ్యో! రేపే!"

సమితి ఆఫీసు బంట్రోతు చిన్నపోలయ్య కాలవకు ఆవలి గట్టు మీద నిలబడి, సైకిలు దిగకుండానే ఈ కేక వేశాడు. విడవలూరు నుంచి సముద్రం వైపు ఎదురుగాలికి సైకిలు తొక్కడం ఒక ఉద్యోగం. కాలవ దాటి వచ్చి కబురు చెప్పడం ఇంకో ఉద్యోగం. ఒక జీతానికి రెండు ఉద్యోగాలు చేసే బంట్రోతును ప్రభుత్వం వారు ఇంకా తయారు చేయలేదు. అందుకని కేక వేసి, సైకిలు తిప్పుకుని, గాలివాటుకు హాయిగా పోయాడు.

సముద్రపు గాలి మర్యాద తెలియనిది. ఎవరి మాటనైనా తల దగ్గర్నుంచే తింటుంది. ఈవలి గట్టున నిమ్మచెట్టుకు పాదు తీస్తున్న జయరామయ్య చెవికి చేరింది "వాల్యుయేషన్" ఒక్కటే.

చేతిలో పార జారింది.

ఆ మాట ఆయనకు కొత్త కాదు. వెనక బావమరిది శిస్తు కట్టలేకపోయినప్పుడు తాలూకా కచేరీ వాళ్ళు దిగి, ఎద్దుల పళ్ళు చూసి, బండి ఇరుసు తట్టి, ఇత్తడి బిందెను గోటితో మోగించి, అన్నిటికీ వెల కట్టుకుపోయారు. తర్వాత దండోరా, ఆ తర్వాత వేలం. అలా వెల కట్టేదాన్ని వాల్యుయేషన్ అంటారని అప్పుడు తెలిసింది. చదువుకున్నవాడు మాటకు అర్థం పుస్తకంలో వెతుక్కుంటాడు. చదువు లేనివాడికి అది ఇంటికే వస్తుంది, ఎద్దును తోలుకుపోవడానికి.

జయరామయ్య ఆ ఊరి నిమ్మ రైతుల ఎగుమతి సంఘానికి ప్రెసిడెంటు. వరిమడి పీకి నిమ్మ వేసిన మొదటి మొనగాడు. "మన కాయ ఓడెక్కి కొలంబో పోతుంది, మీరూ వెయ్యండి" అని ఊరందరి చేతా వేయించిన రెండో మొనగాడు కూడా ఆయనే. నిమ్మ వేసిన నాటి నుంచి ఆయనకు నిమ్మళం లేదు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండాలని పెద్దలు అంటారు. నీరెత్తితే నిమ్మ బాగానే ఉంటుంది, ఎత్తినవాడి నడుం సంగతి పెద్దలు చెప్పలేదు.

ఆయన భార్య వెంకటశేషమ్మ మాత్రం రోజూ చెబుతూనే ఉంది.

"వరి అయితే అమ్ముడుపోకపోయినా వండుకోని తినొచ్చు. ఈ కాయలు అమ్ముడుపోకపోతే ఏం జేస్తావయ్యా? ఊరంతటికీ దిష్టి తీస్తావా?"

అమ్ముడు పోవడమే కష్టంగా ఉంది మరి. కాయలు మద్రాసు రేవులో ఓడ ఎక్కేటప్పుడు కాయలు. కొలంబోలో దిగేటప్పుడు కషాయం. ఎగుమతి చేసేవాళ్ళకు మతి ఎగిరిపోతోంది, దిగుమతి చేసుకునేవాడికి మతి దిగిపోతోంది. చివరకు కొలంబో షావుకారు కబురు పెట్టాడు: "ఇంకొక్క లోడు చూస్తాను. అది కూడా కుళ్ళితే మీ ఊరి కాయ నా గడప తొక్కకూడదు." ఆ ఒక్క లోడు ఇప్పుడు పెట్టెల్లో సర్ది, మేకులు కొట్టి, షెడ్డులో సిద్ధంగా ఉంది. రేపు సాయంత్రం లారీ వస్తుంది. అది పాడైతే జయరామయ్య చెట్లు నరకాలి. తన మాట నమ్మి వేసినవాళ్ళు ముందు చెట్లను నరుకుతారో తననే నరుకుతారో చెప్పలేం.

ప్రభుత్వం ఊరుకుందా అంటే, పాపం ఊరుకోలేదు. విదేశీ మారకద్రవ్యం కోసం రైతుకు సాంకేతిక సహాయం ప్రకటించింది. ఎక్స్‌పోర్టు కోసం ఎక్స్‌పర్టులు దిగారు. వచ్చిన దొరకు తెలుగు రాదు, ఉన్న రైతుకు ఇంగ్లీషు రాదు. వేళ్ళు చూపించుకుంటూ, తలలు ఊపుకుంటూ నడిచింది గనక, అది అచ్చంగా సంకేత సహాయం. ఒక ఎక్స్‌పర్టు చెట్టుది తప్పని తేల్చి ఆకులకు మందు కొట్టించాడు. ఆయన వెనకొచ్చినాయన కోసే చేతిది తప్పని కత్తెరలు పంచాడు. ఆ పైన వచ్చినాయన ఎండది తప్పని రేకుల షెడ్డు వేయించి, దాని ముందు అందరినీ ఎండలో నిలబెట్టి ఫోటో తీయించాడు. కాయల్ని సైజులుగా ఏరడానికి చిల్లుల పలక ఇచ్చారు, తూచడానికి కాటా ఇచ్చారు, చుట్టడానికి మైనం కాగితం ఇచ్చారు. ఆడవాళ్ళకు పెట్టెలో వరసలు పేర్చడం నేర్పారు. నేర్చినవాళ్ళకు టీ ఇచ్చారు. అన్నీ ఇచ్చారు, కాయ ఎందుకు కుళ్ళుతోందో ఆ ఒక్కటీ తప్ప.

ఇప్పుడు వాల్యుయేషన్. "కాయలు కుళ్ళాయని కోపం వచ్చింది. ఇచ్చినవన్నీ వెల కట్టి పట్టుకుపోయేదానికి వస్తా ఉండారు" అని జయరామయ్య తేల్చేశాడు. సంఘం అత్యవసర సమావేశం కాలవ గట్టు మీదే జరిగింది. తీర్మానం ఒకటే: దాచెయ్యండి.

పొద్దు గూకేలోగా షెడ్డు ఖాళీ. చిల్లుల పలక జయరామయ్య గడ్డివాములోకి పోయింది. కాటా హజరత్తయ్య పడవలో, వలల కింద పడుకుంది. పెట్టెలే పెద్ద సమస్య. దానికి రెబెక్కమ్మ ముందుకొచ్చింది. ఆమె సర్దే ఆడవాళ్ళకు మేస్త్రి. మనిషి వెడల్పు, గొంతు అంతకన్నా వెడల్పు. వెనక మైపాడు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మిన మనిషి, బేరంలో ఓడిపోయిన దాఖలా లేదు.

"మా ప్రార్థన మందిరంలో పెట్టండి జయరామన్నా. వరసగా పేర్చి తెల్లగుడ్డ కప్పితే బెంచీలే. దేవుడింట్లో జప్తు ఎట్టా జేస్తారో నేనూ చూస్తా."

పొద్దున్నే జీపు వచ్చింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకరు నల్లకళ్ళద్దాల విజయభాస్కర్, పైఆఫీసు అధికారి, దొరగారి మాట తెలుగులోకి, మన మాట దొరలోకి మార్చే పని కూడా ఆయనదే. రెండోవారు దొర. పేరు ఒలాఫ్. ఊరి నోరు తిరగక "వలపు దొర" అయిపోయాడు. నిమ్మచెట్టు అద్దాల గదిలో తప్ప బతకని మంచు దేశం ఆయనది. మన ఎండకు వలపంతా చెమటగా కారిపోతోంది.

అధికారి ముందుకు ఉత్తచేతులతో పోకూడదు, చేతిలో నిమ్మకాయ పెట్టి దణ్ణం పెట్టాలి. అది మన ఆచారం. నిమ్మ లేని ఊళ్ళోనే ఒకటి సంపాదించి పెడతారు, ఇది నిమ్మ ఊరు. ఒక్కొక్కరే వచ్చి దొర చేతిలో ఒక్కొక్క కాయ పెట్టారు. చేతులు నిండాయి, జేబులు నిండాయి, టోపీ నిండింది. దొర ప్రతి కాయనూ వాసన చూసి, బరువు అంచనా కట్టి తల ఊపాడు. అది నమూనా అనుకున్నాడు. అది నమస్కారం అని విజయభాస్కర్ చెప్పలేదు, ఎందుకంటే ఆయన జేబులూ నిండే ఉన్నాయి.

షెడ్డులోకి పోయారు. లోపల రేకుల వేడి, ఒక పిచ్చుక, అంతే.

"జయరామయ్య గారూ, పెట్టెలేవండీ? పలక ఏదండీ?" అన్నాడు విజయభాస్కర్.

"అంతా పొయ్యింది సార్," అన్నాడు జయరామయ్య. "మా దగ్గర ఏం లేదు. పట్టుకుపొయ్యేదానికి పుల్ల కూడా లేదు."

విజయభాస్కర్ దాన్ని దొరలోకి మార్చాడు. మార్పిడిలో "పుల్ల" పోయి "అంతా పోయింది" మిగిలింది. దొర ముఖం విచ్చుకుంది. ఖాళీ షెడ్డు నాలుగు మూలలూ చూసి, "అద్భుతం! సరుకంతా ఎగుమతి అయిపోయిందన్నమాట!" అని విజయభాస్కర్ వీపు చరిచి, అచ్చు కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. శిక్షణలు జరిగాయా, హాజరు బాగుందా, టీ అందిందా, ఫోటో తీశారా అని అందులో గడులున్నాయి. కాయ కుళ్ళిందా అన్న గడి లేదు.

"అభినందనలండీ," అన్నాడు విజయభాస్కర్. "మీ సంఘం పాసైంది. పథకం ఇక్కడ మూసేసి ఇంకో జిల్లాకు తీసుకుపోతాం."

జయరామయ్య బిత్తరపోయాడు. "పాసైతే మూసెయ్యడమేంది సార్?"

"పాసైతే ఇంక సహాయం ఎందుకండీ?"

"ఫెయిలైతే?"

"ఫెయిలైతే ఇచ్చి ఏం లాభమని మూసేస్తాం."

"మరి యాడన్నా మూసెయ్యకుండా ఉంటారా?"

విజయభాస్కర్ నల్లద్దాలు తీసి తుడుచుకుని, మనిషిగా మారి, గొంతు తగ్గించాడు. "ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదని రాస్తే, పరిశోధన కోసం పొడిగిస్తారు."

దొర కలం మూత పెడుతున్నాడు. సాయంత్రం లారీ వస్తుంది. ఆ లోడు మునుపటి లోడ్ల దారినే పోతుంది. కారణం చెప్పగల మనిషి లోకంలో ఎవడైనా ఉంటే, ఎదురుగా నిమ్మకాయలు మోసుకుంటూ నిలబడ్డ ఈయనే అయ్యుండాలి. ఆ జీపు కదిలితే చెప్పే నాథుడు లేడు. పెట్టెలు చూపిస్తే జప్తు. చూపించకపోతే గొడ్డలి. జయరామయ్య ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్, మీరు పట్టుకుపోతే పట్టుకుపోండి. పెట్టెలు ఉండాయి. దాచినాం. వెల కట్టుకోండి, ఏమన్నా జేసుకోండి. నా కాయ ఎందుకు కుళ్ళుతా ఉందో ఆ ఒక్క ముక్క జెప్పి పోండి."

వెల కట్టడం ఏమిటో విజయభాస్కర్‌కు అర్థం కాలేదు. పల్లెటూరి మాటలు అన్నీ అర్థం చేసుకోవాలని ఆయన సర్వీసు రూల్సులో లేదు. పెట్టెలు ఉన్నాయన్నది మాత్రం అర్థమైంది. అందరూ ప్రార్థన మందిరం వైపు నడిచారు.

గుమ్మంలో రెబెక్కమ్మ. ఆమె నిలబడితే ఆ గుమ్మానికి వేరే తలుపు అక్కర్లేదు.

"ఈడ పెట్టెల్లేవు. దేవుడు ఉండాడు, బెంచీలు ఉండాయి, అంతే."

"రెబెక్కమ్మా, నేనే జెప్పేసినా."

"నువ్వు జెప్పినా నేను జెప్పలా. బెంచీలే!"

ఈ వాదన తెగేలోగా దొర ఎండకు తట్టుకోలేక, ఆమె చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పోయి, తెల్లగుడ్డ కప్పిన బెంచీ మీద హమ్మయ్య అని కూలబడ్డాడు.

బెంచీ చప్పుడు చేసింది. బెంచీలు చేసే చప్పుడు కాదు. ఊరగాయ జాడీలో చెయ్యి పెడితే వచ్చే చప్పుడు.

దొర మెల్లగా లేచాడు. వెనక్కి తిరిగాడు. ఖాకీ లాగు వెనకభాగాన తడి, నిలువెత్తు నిమ్మ వాసన. మూల్యాంకనం అంటే ఏమిటో అంతదాకా కాగితం మీదే చూసిన మనిషికి, ఆ అంకనం తన మూలంలోనే పడింది.

"బెంచీకి చెమట పోసిందా, రెబెక్కమ్మా?" అన్నాడు జయరామయ్య.

గుడ్డ తీశారు. మూత చూశారు. నిండు గర్భిణిలా మధ్యకు ఉబ్బి ఉంది, దాని అంచుల్లోంచి రసం. మేకులు పీకి తెరిచారు. కింద చూస్తే, నేర్పినవాళ్ళ కడుపు చల్లగా, వరసకు వరస, కాగితంలో చుట్టిన కాయలు బడిపిల్లల్లా కూర్చున్నాయి. వాటి నెత్తి మీద, కాగితం లేకుండా, గుప్పిళ్ళకు గుప్పిళ్ళు పోసిన విడికాయలు. మూత నొక్కుడుకు కొన్ని చితికాయి, కొన్ని చీలాయి. వాటి రసం కిందికి దిగి మొదటి వరస కాగితాలకు అప్పుడే బూజు పట్టిస్తోంది.

దొర వేలు పెట్టి చూపించాడు. "ఇవేమిటని అడుగుతున్నారు," అన్నాడు విజయభాస్కర్.

రెబెక్కమ్మ దాచే మనిషి కాదు. రొమ్ము విరుచుకుని చెప్పింది.

"కొసరు."

విజయభాస్కర్ నోరు తెరిచి, దొరలో ఆ మాట దొరక్క, మూశాడు. ఏదో చెప్పి చూశాడు. దొర కనుబొమలు ముడిచి ఏదో అడిగాడు.

"లంచమా అంటున్నారు."

"ఛీ, లంచమేంది! లంచం పనికి ముందు ఇస్తారు. కొసరు అమ్మినాక ఇస్తారు. ఆ తేడా తెలీదా ఆ అయ్యకు?"

"అయితే బహుమానమా?"

"బహుమానమైతే ఇచ్చినోడి పేరు జెప్పాల. ఇది ఊరికే. లెక్క లెక్కే, పైన ఒక గుప్పెడు మర్యాదకు. చేప అమ్మినా కొసరు పడాల, కాయ అమ్మినా కొసరు పడాల. కొసరు లేకండా గంప ఎత్తితే రేపు మనల్ని ఎవురు పిలుస్తారయ్యా? కొలిచే చెయ్యి పిసినారిది కాకూడదని మా పాస్టరు గారు కూడా జెప్తా ఉంటారు."

"మరి మూత పట్టదు కదమ్మా!"

"ఎందుకు పట్టదు? నేను ఎక్కి కూచుంటా. మా ఆడోళ్ళలో సామ్రాజ్యం మేకులు కొడతాది."

విజయభాస్కర్ ఆమెను ఒకసారి, పెట్టెను ఒకసారి చూశాడు. ఆ బరువు కింద కాయలేమిటి, ఓడ కూడా కొలంబో చేరదు. "ఇన్ని శిక్షణల్లో మీరు ఇలా పోయడం ఎవరూ చూడలేదా? ఆ ఫోటోల్లో పెట్టెలు చక్కగా ఉన్నాయే!"

"నేర్చుకునేటప్పుడు కొసరు ఎందుకు పోస్తామయ్యా?" రెబెక్కమ్మకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "కొనేవాడు ఉంటే గదా కొసరు! ఆ పెట్టెలు ఎవురూ కొన్లేదు. ఫోటో తీసుకోని, టీ తాగి, వాళ్ళు జీపెక్కినారు. అమ్మే పెట్టెకు మేకులు కొట్టే పొద్దుకు ఎవురున్నారు?"

చెట్టుకు మందు పడింది, చేతికి కత్తెర పడింది, ఎండకు షెడ్డు పడింది. అసలు నేర్పినవాళ్ళు అసలు చూసుకుని పోయారు. కొసరు చూసినవాడు కొలంబోలో ఉన్నాడు, ఆయనకూ అది కంపుగానే కనిపించింది.

జయరామయ్యకు ఒక పక్క ఏడుపు, ఒక పక్క నవ్వు. కాయను చంపింది పురుగు కాదు, ఎండ కాదు, సముద్రం కాదు. మన మంచితనం.

"తీసెయ్యండి ఆ పైవి. లారీ వచ్చేలోపల అన్ని పెట్టెలూ విప్పండి."

"తియ్యను," అంది రెబెక్కమ్మ. పెట్టెకు అడ్డంగా నిలబడింది. "ఒక్క గుప్పెడు కాయలకు చెయ్యి రాలేదు ఈ ఊరోళ్ళకు అని ఆ షావుకారు అనుకుంటే? ఆ మాట పడేది ఊరు కాదు, సర్దిన చెయ్యి. నా చెయ్యి!"

"ఆయన నీ కొసరు ఎప్పుడన్నా జూసినాడా? కంపు జూసినాడు, అంతే. నువ్వు మర్యాద పంపిస్తే ఆయనకు మురుగు చేరతా ఉంది."

"అయినా సరే. కొసరు లేని పెట్టెకు నేను మూత పెట్టను."

ఆమె మూత పెట్టకపోతే లోడు లేదు. మిగతా ఆడవాళ్ళు ఆమె ముఖమే చూస్తున్నారు. జయరామయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చుని, వరసల్ని చూస్తూ గెడ్డం గోక్కున్నాడు. బేరమాడి బతికినామెతో ఇప్పుడు బేరమే ఆడాలి.

"సరే, కొసరు ఉంటుంది. ఇదిగో, పై వరస అసలు తీసేస్తా. ఆ చోట్లో నీ కొసరు పెట్టు. కాకపోతే దానికీ కాగితం చుట్టు. మర్యాద చేసేటప్పుడు బట్టల్లేకండా పంపిస్తామా? పెట్టె మీద లెక్క తగ్గించి రాస్తాం. షావుకారు విప్పి జూస్తే రాసిందానికన్నా ఒక వరస ఎక్కువ ఉంటాది."

రెబెక్కమ్మ ఆలోచించింది. ఎక్కడైనా మోసం ఉందేమోనని రెండు వైపులా తిప్పి చూసింది.

"అంటే కొసరు లోపలే ఉంటాది."

"అడుగు దాకా దిగిపోకుండా, పైనే ఉంటాది."

"మూత మీద కూచోబళ్ళేదా?"

"వద్దు తల్లీ. నువ్వు నిలబడు చాలు."

పెట్టెలన్నీ విప్పారు. తడిసిన కాగితాలు మార్చారు. చితికిన కాయలు ఊరికే పోలేదు, ఆ పూట ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పులిహోరే. మూతలు ఎవరూ ఎక్కకుండానే పడ్డాయి. లారీ పెట్టెలతో నెల్లూరు రైలు స్టేషనుకు వెళ్ళింది. దొర తడి లాగుతో జీపెక్కాడు, ఏమీ పట్టుకుపోకుండా. "దేవుడింట్లో కూచున్నోడు జప్తు చెయ్యలేకపోయినాడు చూడు" అని రెబెక్కమ్మ అందరితోనూ చెప్పింది. ఊరు నమ్మింది.

తర్వాత కొన్నాళ్ళు జయరామయ్యకు అన్నం సయించలేదు. కాలవ గట్టు మీద గొడ్డలి పెట్టుకుని కూర్చునేవాడు. అది ఎండుపుల్లలు కొట్టడానికేనని అడిగినవాళ్ళకు చెప్పేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

మళ్ళీ జీపు వచ్చిన రోజు, ముందు సీటులో విజయభాస్కర్, వెనక సీటులో చిన్నపోలయ్య, ఈసారి సైకిలు లేదు గనక కాలవ దాటే వచ్చాడు. ఊరంతా షెడ్డు దగ్గర పోగైంది.

"కొలంబో నుంచి కబురు వచ్చిందండీ," అన్నాడు విజయభాస్కర్. "కాయలు చెట్టు మీంచి కోసినట్టు దిగాయట. లెక్కకన్నా ఎక్కువ ఉన్నాయని షావుకారు మురిసిపోయాడట. వచ్చే లోడు రెండింతలు కావాలట."

జయరామయ్య గొడ్డలి పక్కన పెట్టి భార్య వైపు తిరిగాడు. "ఇంక ఊరికి దిష్టి తీసే పని లేదు శేషమ్మా."

"ఇప్పుడే గదయ్యా తియ్యాల్సింది! అందరి కళ్ళూ నీ మీదే ఉండాయి," అని వెంకటశేషమ్మ ఒక కాయ తెచ్చి అక్కడికక్కడే తిప్పడం మొదలుపెట్టింది.

విజయభాస్కర్ దొరగారి రిపోర్టు విప్పి, విజయ కారణాలు తెలుగులో చెప్పాడు: షెడ్డును పూర్తిగా ఖాళీగా ఉంచి గాలి ధారాళంగా ఆడనివ్వడం, పెట్టెలను ప్రార్థనా మందిరంలో తెల్లగుడ్డ కింద చల్లగా నిలవ చేయడం. కొసరు ఊసు లేదు. అనువాదం కానిదాన్ని మూల్యాంకనం చేయడం కుదరదట. పథకం విజయవంతమైంది గనక మూసేశారు. ఇంకో జిల్లాలో రైతులకు ప్రార్థనా మందిరాల్లో పెట్టెలు పేర్చడం మీద శిక్షణ అప్పుడే మొదలైంది, టీతో సహా.

"మూస్తే మూయనీండి సార్. జప్తు తప్పింది, అదే పదివేలు," అన్నాడు జయరామయ్య.

"ఇంక కాటా పడవలోంచి తియ్యొచ్చా?" అన్నాడు హజరత్తయ్య. "వలలకు చుట్టుకోని చేపలు పట్టనియ్యడం లేదు."

"జప్తేమిటండీ?" అన్నాడు విజయభాస్కర్.

ఊరు ఊరంతా ఒకేసారి చెప్పింది. ఎద్దుల పళ్ళు, ఇత్తడి బిందె, దండోరా, వాల్యుయేషన్. విజయభాస్కర్ అందరినీ ఆపి, చిన్నపోలయ్య వైపు తిరిగాడు. చిన్నపోలయ్య రెండు చెవులూ పట్టుకున్నాడు.

"నేను 'ఇ' అన్నా సార్! ఇవాల్యుయేషనే అన్నా! 'ఇ' గాలికి పొయ్యింది, నేనేం జేసేది!"

"కాలవ దాటి వచ్చుంటే ఆ 'ఇ' కూడా నీ వెంటే వచ్చేది గదరా," అన్నాడు జయరామయ్య.

విజయభాస్కర్ నల్లద్దాలు తీసి, అందరికీ అర్థమయ్యేలా నెమ్మదిగా విడమరిచాడు. "చూడండీ, మీరు అనుకున్నది వాల్యుయేషన్. మీ దగ్గర ఉన్నదానికి వెల కట్టడం. మేము వచ్చింది ఇవాల్యుయేషన్‌కు. మేము చేసిన సహాయం మీకు పనికొచ్చిందా లేదా అని చూసుకోవడం. దానికీ జప్తుకూ సంబంధమే లేదు. ఎవరూ ఏమీ పట్టుకుపోరు. ఇప్పుడు అర్థమైందా?"

అందరూ తలలు ఊపారు. రెబెక్కమ్మ ఊపలేదు.

"అర్థమైందయ్యా. అయినా ఆ జప్తోళ్ళే నయం," అంది. "వాళ్ళు ఎద్దు నోరన్నా తెరిచి జూస్తారు."

జయరామయ్య చిల్లుల పలక కోసం గడ్డివాము వైపు నడిచాడు.